కానుకల వేళ వాయించిన గేము పాట

కల్లూరు, ఆదివారం రాత్రి

నా డిగ్రీ చదువు ఇంగ్లీషులో సాగింది; నా తెలుగు రాత్రి బడిలో నేర్చిన తెలుగు, తప్పులుంటే మన్నించవలెను.

ఇటీవల నలుగురైదుగురు కుర్రవాళ్ళు కలిసి చేస్తున్న చిన్న చిన్న వీడియో గేముల సంగీతం నాకెంతో ప్రీతి. మా అమ్మాయి సుగుణ ఆడుతుంటే విని, కీబోర్డుపై సాధన చేస్తుంటాను. ఈ ఉదయం చర్చిలో కానుకల వేళ, వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాటను వాయించాను. పాస్టరమ్మ కన్నీళ్ళు తుడుచుకున్నారు.

"ఏమప్పా, ఈ కీర్తన శానా బాగుండాది! యాడిది? వచ్చే వారం అందరం పాడదాం, మాటలు రాసియ్యి."

"పాత కీర్తనేనమ్మా," అన్నాను. సంఘంలో సంగీతం డిగ్రీ చదివిన వాద్యకారుణ్ణి నేనొక్కడినే. గేము అని చెప్పడానికి నోరు రాలేదు.

ఇంటికి రాగానే సుగుణ పడి పడి నవ్వింది. "నాయనా, అది దయ్యం చచ్చినాక వచ్చే పాట! చర్చికి బాగా సరిపోతాదిలే."

నాకు నవ్వు రాలేదు. లేని కీర్తనకు మాటలెక్కడినుండి తేను? పైగా అబద్ధమాడినది దేవుని సన్నిధిలో. అయినా ఆ సంగీతంలో ప్రార్థన ఉన్నదనే నా నమ్మకం. నిజం తెలిస్తే ఆమె తన కన్నీళ్ళను కూడా తప్పనుకుంటారేమో...

ఈ పేజీని ముందుగా సుగుణ చదివి తప్పులు దిద్దవలెను. తరువాత పాస్టరమ్మకు ఇవ్వవలెను. అయితే ఫోనులో ఆమెకు ఆ పాటను మరొకసారి పూర్తిగా వినిపించిన తరువాతనే.