కంప్యూటరు ఆటగాళ్లతో నా మొదటి గోల్

నవీన్ బిడ్డా,

ఈ రోజు నేను గోల్ కొట్టాను! నీ మంచు హాకీ వీడియో గేములో, నా చేత్తో నేనే కొట్టాను. చిల్కానగర్ గల్లీ అంతా తిరిగి చెప్పాలనిపించింది. ముందు నీకు రాస్తున్నాను.

నువ్వు చనిపోయి నేటికి ఏడాది. ఆదివారాలు నీ దోస్తు శ్రీకాంత్ బోడుప్పల్ నుంచి, నేను మనింటి నుంచి కలిసి ఆడుతున్నాం. మేమిద్దరం పోను మిగతా జట్టంతా కంప్యూటరే. వాళ్లకు పాస్ కావాలంటే కర్రతో మంచు మీద టకటకా కొడతారు. ఇన్నాళ్లూ ఎవరు కొడితే వాళ్లకు ఇచ్చేశాను. నాచారం కంపెనీలో ముప్పై ఏళ్లు చేశాను, పక్క మెషీను మనిషి పానా అడిగితే లేదన్నానా?

"అంకుల్, కంప్యూటరోళ్లకు మర్యాదేంది? జర మీరే కొట్టుండ్రి!" అని శ్రీకాంత్ హెడ్‌ఫోన్లో మొత్తుకునేవాడు.

ఈ రోజూ అడిగినవాడికి ఇచ్చాను. వాడు గోల్ ముందు నాకే తిరిగి ఇచ్చాడు. కొట్టాను. పడింది! నేను వేసిన కేకకు మీ అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

కంప్యూటరు ఆటగాళ్లంతా వచ్చి నా ఆటగాణ్ణి గట్టిగా వాటేసుకున్నారు. నేనేమీ మార్చలేదు, వాడి చొక్కా మీద ఇంకా నీ పేరే ఉంది.

"ఏదన్న బటన్ నొక్కుండ్రి అంకుల్, గీ సంబురం దాటిపోయి మళ్ల ఆట మొదలైతది," అన్నాడు శ్రీకాంత్.

వాళ్లు వదిలేదాకా నేను ఏ బటనూ నొక్కలేదు.

బాపు