ఒళ్లు మండుతుందన్న మాట

కరీంనగర్ దవాఖాన నుంచి,
డిసెంబర్ 14, ఆదివారం.

దశరథం అన్నకు,

నీ చెల్లెలు రోజారాణి రాస్తున్నది. పెద్దవాడివి కనుక ముందుగా నమస్కారం. అది నీ వయసుకే, నీకు కాదు. మీ ఇంట్లో అందరూ బాగున్నారని వదిన చెప్పింది కాబట్టి మళ్లీ అడగను. మేము ఎట్లా ఉన్నామో రాయడానికే ఈ కాగితం పట్టుకున్నాను.

ఫోన్లో నా నంబరు బ్లాక్ చేశావు. ఇక ఉత్తరం తప్ప నాకు దారేది? బాలలక్ష్మి వదిన పాపం నీకు చెప్పకుండా వచ్చి, పొద్దటి నుంచి నా పక్కనే కూర్చుంది. సాయంత్రం బస్సుకు ఖానాపూర్ వస్తుంది, ఆమె చేతనే పంపుతున్నాను. చింపేస్తావేమో, చింపు. కానీ చదివి చింపు. తెచ్చినందుకు వదిన మీద చెయ్యెత్తావంటే మాత్రం నేను ఊరుకోను.

మీ బావ పర్శరాములు, అదే, నువ్వు గుట్ట మీద చెట్టుకు కట్టేసి వచ్చిన మనిషి, బతికే ఉన్నాడు. పక్కటెముకలు విరిగాయి. దవడ జరిగిపోతే తీగలు వేసి కట్టారు. గొట్టంతో జావ పోస్తున్నారు. నీ చెయ్యి ఎడమ చెవి మీద పడిందట, ఆ పక్క నుంచి పిలిస్తే పలకడం లేదు. నేను కుడివైపు స్టూలు వేసుకొని కూర్చుంటున్నాను.

మంగళవారం పొద్దున ఎస్సై వస్తాడు. కొట్టిందెవరో చెప్పమంటాడు. మా ఆయన నోరు విప్పలేడు, నేనే చెప్పాలి. నీ పేరు చెబుతాను అన్నా. తోడబుట్టింది వెనక నుంచి పొడిచిందని రేపు ఊర్లో అనకు, ఎదురుగానే చెబుతున్నాను.

ఆయన తాగేవాడు, నేనెక్కడా దాచలేదు. మస్కట్ నుంచి తిరిగొచ్చాక పసుపు చేను అమ్ముకునేదాకా తాగాడు. ఏడ్చుకుంటూ నీ ఇంటికే వచ్చాను. నువ్వు నా తల మీద చెయ్యి పెట్టి, ఫికర్ చెయ్యకు చెల్లె, నా చేతులతోని మాలేస్త, మనిషిని జేసి నీకు అప్పజెప్త అన్నావు. అబద్ధం ఎందుకాడాలి, నువ్వు గురుస్వామివై ఆయన మెడలో మాల వేసిన నాటి నుంచి సీసా ముట్టలేదు. పొద్దున్నే చన్నీళ్ల స్నానం, ఒంటిపూట తిండి, కాళ్లకు చెప్పులు లేవు. దేవుని ఫోటో పక్కన మనసులో నీ ఫోటో పెట్టుకొని దండం పెట్టుకున్నాను. ఇప్పుడు ఆ ఫోటో తీసేశాను.

గుట్ట మీది దేవుని దర్శనానికి పోయే ముందు నిర్మల్ బస్టాండు దగ్గర నేపాలీల దుకాణంలో రెండు నల్ల స్వెటర్లు కొన్నాను గుర్తుందా? ఒకటి నీకు, ఒకటి ఆయనకు, రెండూ ఒకటే కొలత. ఆయనదాన్ని తెచ్చిన మర్నాడే ఎలుక మోచేతి దగ్గర కొరికింది. ఇంట్లో నల్లదారం లేక నీలం దారంతో కుట్టాను. నీలం గూడ స్వామి రంగేనే అని ఆయన నవ్వాడు. ఇంత చిన్న సంగతి ఎందుకు రాస్తున్నానంటే, ఆయన నవ్వడం నేను చివరగా చూసింది అప్పుడే.

గుట్ట మీద ఏమైందో నాకు రామచంద్రం చెప్పాడు. మీతో వచ్చిన స్వాముల్లో నా ముందుకు వచ్చి కూర్చున్నవాడు ఆయనొక్కడే. కెరమెరి అవతల జీపు దిగినప్పటి నుంచే ముసురట. రాత్రి పడుకునే గుహకు చేరేసరికి అందరూ తడిసి ముద్దయ్యారట. నీకు దమ్ము లేచి, పీల్చే మందు పీల్చి, నెగడు పక్కన ముడుచుకొని పడుకున్నావట. ఆ తడిలోనే తెల్లవారి మళ్లీ వాగులో స్నానాలు చేశారట. వద్దన్న మనిషి లేడా మీలో? వాన ఆగింది గానీ ఉత్తరపు గాలి లేచిందట. పొగమంచు ఎంత దట్టమంటే ముందు నడిచే స్వామి వీపు వెనక స్వామికి కనబడలేదట. చెట్లకు కట్టిన గుర్తుగుడ్డలు కనబడక దారి తప్పి లోయలోకి దిగి, మళ్లీ ఎక్కి, మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా ఆ గాలిలోనే తిరిగారట.

మా ఆయన వెనకబడ్డాడు. కాళ్లు తడబడ్డాయి. పిలిస్తే నాలుక మందమై ముద్ద ముద్దగా పలికాడు. నువ్వు వెనక్కి తిరిగి చూసి, తాగిండు, మాలేసుకొని తాగిండు నా కొడుకు అన్నావట. నోరు వాసన చూశారా అని రామచంద్రాన్ని అడిగాను. లేదన్నాడు. ఎవరూ చూడలేదు. పాత తాగుబోతే గదా, వాసన చూసే పనేముంది!

నువ్వు రెక్క పట్టి గుంజితే ఆయన నిన్ను తోసేసి, ఎన్నడూ నోట రాని తిట్టు తిట్టాడట. తర్వాత స్వెటర్ గుంజి పారేశాడు, అంగీ విప్పాడు, మాల చేతిలోకి తీసుకున్నాడు. అక్కడి నుంచి నేను ఎవరినీ అడగనక్కర లేదు. మీలో ఒక మహానుభావుడు ఫోన్లో తీసి ఊరంతా పంచాడు. నాకు కూడా ఎవరో పంపారు. వంటింట్లో నిలబడి చూశాను.

ఒళ్లు మండుతుంది బావా, నా ఒళ్లు మండుతుంది అన్నాడు ఆయన. అదే మాట పదే పదే అన్నాడు. నీ గొంతు నేను గుర్తుపట్టనా? ఏందిరా, నన్ను చూస్తె నీకు ఒళ్లు మండుతుందా, తాగుబోతోన్ని తెచ్చి మనిషిని జేస్తె నా మీదనే మండుతుందా, నా ఇజ్జత్ తీస్తవా అని అరిచావు. మొదటి దెబ్బకే ఆయన రాయి మీద పడ్డాడు. పడ్డవాణ్ని లేపి మళ్లీ కొట్టావు. నీ మోకాలు ఆయన ఛాతీ మీద ఉంది. మిగిలినవాళ్లు కాళ్లతో తన్నారు. తన్నేటప్పుడు కూడా, లే స్వామీ, లే స్వామీ అనే అంటున్నారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోలేదు అన్నా. దెబ్బ తగులుతోందని తెలిసినట్టే లేదు. మెత్తగా, చిన్నపిల్లాడిలాగా, మండుతుంది బావా అంటూనే ఉన్నాడు. నోట్లోంచి నెత్తురు వస్తుంటే కూడా అదే మాట.

తర్వాత నువ్వు, నీల్లు గుమ్మరియ్యుండ్రి, దిగుతది అన్నావు. వాగు నీళ్లు బిందెతో తెచ్చి నెత్తి మీద పోశారు. మత్తు దిగడానికి! రెండో బిందె పోసేసరికి ఆయన మాట ఆగిపోయింది. చూసిండ్రా, దిగింది అన్నావు. తువ్వాలలు ముడేసి చెట్టుకు కట్టి, జర తెలివొస్తె వాడే వస్తడు, నడువుండ్రి అన్నావు. వీడియో అక్కడితో అయిపోయింది. ఫోన్ నేలకేసి కొట్టాను, అద్దం పగిలింది గానీ వీడియో పోలేదు.

సగం గుట్ట దిగాక రామచంద్రం మనసొప్పక తిరిగి పోయాడట. అప్పటికి ఆయన వణకడం కూడా మానేశాడు, పెదవులు నల్లబడ్డాయి. కట్లు కోసి, వీపున వేసుకొని కింది గూడెం దాకా మోసి, అక్కణ్నుంచి జీపులో ఉట్నూర్ తెచ్చాడు, అక్కడివాళ్లు ఇక్కడికి పంపారు. మనిషిని చేసి అప్పజెప్తానన్నావు గదా. అప్పజెప్పింది నువ్వు కాదు, రామచంద్రం.

ఇక్కడి డాక్టరు రక్తం పరీక్ష చేయించాడు. ఒంట్లో మందు చుక్క లేదన్నాడు. తడిబట్ట మీద చల్లగాలి కొడుతుంటే ఒంట్లో వేడంతా పోతుందట. గడ్డకట్టే మంచే ఉండాలని లేదు, మన గుట్టల చలి చాలట. వేడి పోతున్న కొద్దీ మాట ముద్దవుతుంది, కాళ్లు తేలిపోతాయి, మతి చెదిరి మనవాళ్లనే తిడతారు. ఇక ప్రాణం పోయే ముందు ఒళ్లంతా నిప్పు పెట్టినట్టు మండి బట్టలు విప్పేసుకుంటారట. అది తాగినవాడి వాలకంలాగే ఉంటుందని డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. పొడిబట్ట కప్పి, గాలి తగలకుండా పడుకోబెట్టాల్సిన మనిషిని కొట్టి, తడిపి, గాలికి కట్టేశారేమమ్మా అని నన్నడిగాడు.

ఒళ్లు మండుతుందంటే కోపం కాదు అన్నా. మంటే. ఆయన నిన్ను తిట్టలేదు, బావా నన్ను కాపాడు అన్నాడు. మన భాషలో ఆ మాటకు కోపమని కూడా అర్థం ఉండడం ఆయన ఖర్మ.

నువ్వు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదని వదిన చెప్పింది. అందరం గదే సలిల ఉన్నం, అందరం గట్లనే తడిసినం, గాయనొక్కనికే ఎట్ల తగిలింది, నాకు దమ్ము రోగమున్నది నాకేం కాలే గదా, తాగిండు కాబట్టే అట్లయింది అంటున్నావట. నిజం చెప్పనా? నీ మిగతా మాటలన్నిటికీ నా దగ్గర జవాబుంది, దీనికి లేదు. డాక్టరును అడిగితే ఒక్కో ఒళ్లు ఒక్కో తీరమ్మా అన్నాడు. అది నా మనసుకూ ఆనలేదు. మా ఆయన నీకంటే బలమైన మనిషి. మూటలు మోసిన ఒళ్లు. నీకు తగలని చలి ఆయనకెట్లా తగిలింది?

అయినా నేను నమ్మను. ఎవరు చెప్పినా ఆయన తాగాడంటే నమ్మను. నీకు దమ్ముంటే వచ్చి ఆయన ముఖం చూసి చెప్పు ఆ మాట. ఇంకో సంగతి, వచ్చే ఏడు ఎవరి మెడలో మాల వేసినా సరే, ముసురు పట్టిన గుట్ట మాత్రం ఎక్కించకు. వాళ్లకూ పెళ్లాలుంటారు.

కాదనుకుందామన్నా కుదరదు గనుక,
నీ చెల్లెలు
రోజారాణి

తా.క. ఉత్తరం ముగించి, వదిన టీకి పోతే, ఆయన సంచి విప్పాను. రామచంద్రం తెచ్చిచ్చిన నాటి నుంచి ముట్టుకోలేదు, తడి వాసన కొడుతుంటే ఇక తప్పలేదు. ప్లాస్టిక్ కవర్లో ఆయన విప్పి పారేసిన స్వెటర్ ఉంది, పిండితే ఇప్పటికీ నీళ్లు కారుతున్నాయి. మోచేతులు రెండూ తిప్పి చూశాను. నీలం దారం లేదు. ఎలుక కొరికిన చోటే లేదు. అది ఆయనది కాదు, నీది.

కుడిచెవి దగ్గర వంగి అడిగాను. ఏం చేసినవయ్యా అని. పళ్ల సందుల్లోంచి అతికష్టం మీద అన్నాడు, బావకు దమ్ము గదా అని. గుహలో నువ్వు పడుకున్నాక నీ తడి స్వెటర్ తాను తీసుకొని, సంచిలో పొడిగా దాచుకున్న తన స్వెటర్ నీ పక్కన పెట్టాడట. తెల్లవారి నువ్వు నెగడుకు ఆరిందనుకొని తొడుక్కున్నావు. దాంతోనే గుట్ట దిగావు. ఆ చేతులతోనే కొట్టావు.

ఇప్పుడే లేచి నీ దగ్గరున్న స్వెటర్ మోచెయ్యి చూసుకో.

నీది నీకు వదిన సంచిలో పెడుతున్నాను. ఆరబెట్టలేదు. తెల్లవారి గాలి కొట్టేటప్పుడు తొడుక్కొని వాకిట్లో నిలబడు, నీకే తెలుస్తుంది. ఎస్సైకి చెప్పొద్దని ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. నేను చెబుతాను, అందులో మార్పు లేదు. ఈలోగా ఆయనది ఆయనకు తెచ్చియ్యి. ఎవరి చేతా పంపకు, నువ్వే తీసుకురా. ఆయనకు అదొక్కటే ఉంది, ఇక్కడ చలి పెడుతోంది.