నాలుగో బెజ్జం

శనివారం రాత్రి, జగదల్‌పూర్

సంస్థానం వారి అతిథి బంగళాలో, స్నానాలగది గోడకు అద్దం బిగించే పని ఈ రోజు అయిపోయింది. అద్దం బాగుంది. నాకే బాగాలేదు.

పొద్దున నేను మేకు ఆనించి సుత్తితో తట్టగానే తెల్లటి పింగాణీ పలక అడ్డంగా చీలింది. ఓవర్సీర్ నన్ను జరగమని, నా బామ్మర్ది ముత్తయ్యను పిలిచాడు. బెజ్జాలు వేసే బరమా పట్టుకోవడం నా దగ్గరే నేర్చుకున్నవాడు!

వాడు గోడకు పుట్టమన్నుతో చిన్న గిన్నెలా అంటించి, అందులో నీళ్లు పోశాడు. ఆ నీళ్లలోనే బరమా మొన ఆనించి మెల్లగా తిప్పాడు. ఆవపల్లిలో పూసలకు బెజ్జాలు వేసే ముసలామె దగ్గర చూశాడట. నాకెందుకు చెప్పలేదు? పగలాలి, పగలాలి అని లోపల మొక్కుకుంటూనే ఉన్నాను. మూడు బెజ్జాలు వేశాడు. ఒక్క పలకా పగల్లేదు.

"బావా, ఆఖరిది నువ్వెయ్యి. గట్టిగ నొక్కకు, నీళ్లు ఎండనియ్యకు" అంటూ బరమా నా చేతికిచ్చాడు. అందరి ముందూ ఆ దయ ఎందుకు?

వేశాను. వాడి మూడింటికన్నా నాదే నున్నగా వచ్చింది. ఆ సంగతి వాడికీ తెలుసు.

ఓవర్సీర్ దాన్ని వేలితో తడిమి చూశాడు. "శాబాష్ ముత్తయ్యా! మీ బావకు గూడ మంచిగ నేర్పినవ్" అన్నాడు.

వాడు నవ్వాడే గానీ కాదనలేదు.

సోమవారం ఇంకో స్నానాలగది ఉంది. పుట్టమన్ను తవ్వి తెమ్మని నన్నే పంపుతారేమో...