నాడి చూసే నెపం

జూలై 29
హెల్త్ సైన్సెస్ డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరాను. వయస్సు అరవై ఏడు. తెలుగు పండితుడిగా రిటైరై తొమ్మిదేళ్లు. గుమస్తా అప్లికేషన్ చూడకుండానే, అబ్బాయిని లోపలికి పంపి మీరు బయట కూర్చోండి అన్నాడు. ఆ అబ్బాయిని నేనే అన్నాను. అతడు నవ్వలేదు.

ఆగస్టు 4
లెక్చరరు నా కూతురికంటే చిన్నది. శ్వాసను లెక్కిస్తున్నామని తెలిస్తే మనిషి శ్వాస సహజంగా ఉండదట. అందువల్ల నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకొని, దృష్టి ఛాతీపై నిలిపి, నిమిషంపాటు లెక్కించాలి. ఇంట్లో ఒకరిని ఎంచుకొని ముప్పై రోజులు ఎడతెగకుండా రికార్డు రాయాలి. ఇరవై మార్కులు. అంకె ఇరవై దాటితే మాత్రం రికార్డు ఆపి డాక్టరుకు చూపించమంది.
ఇంట్లో ఉన్నది నా భార్య ఒక్కతే.

ఆగస్టు 5, సాయంత్రం 4
గోడగడియారం ఆమె వెనుక ఉండేలా కుర్చీ వేశాను. కూర్చోబెట్టి చెయ్యి పట్టుకున్నాను. ఆమె బిత్తరపోయింది. "ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?" అని నన్నే అడిగింది. నలభై ఏళ్లు విరహపద్యాలకు అన్వయం చెప్పిన నోటితో, కదలకుండా కూర్చో అన్నాను. పదిహేడు.

ఆగస్టు 11
పదిహేడు.

ఆగస్టు 17
నాలుగయ్యేసరికి పనులు ముగించి, తల దువ్వుకొని, తానే వచ్చి కూర్చుంటోంది. మీ బావగారికి ఇన్నాళ్లకు ఆ పద్యాల చదువు వంటబట్టిందే అని చెల్లెలికి ఫోన్‌లో చెబుతుంటే విన్నాను. నిజం చెప్పవలసింది. రికార్డు చెడుతుందని ఊరుకున్నాను. పద్దెనిమిది.

ఆగస్టు 30
ఇరవై నాలుగు. మళ్లీ లెక్కించాను. ఇరవై నాలుగే. ఆయాసంగా ఉందా అని అడిగితే, మెట్లెక్కి వచ్చాను కదా అంది. నా బాధ్యతను ఆ మెట్లమీదికే నెట్టేశాను. రికార్డులో ఇంకా నాలుగు గళ్లు మిగిలాయి.

సెప్టెంబరు 1
ఇరవై ఏడు. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటోంది. ఇంకా రెండు గళ్లు. నన్ను నేను మభ్యపెట్టుకోవడానికి చాలినంత పాండిత్యం నాకుంది.

సెప్టెంబరు 3
ఆమె శ్వాసా ముప్పై, నా రోజులూ ముప్పై. రికార్డు మూసి ఆటో పిలిచాను.

సెప్టెంబరు 5, వార్డు
ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. తీశారు. ప్రాణానికి భయం లేదు. నాలుగు రోజుల ముందే తెస్తే ఆమె ఇంత బాధ పడేది కాదని డాక్టరు అన్నాడు. ఆయాసం ఎప్పటినుంచి ఉందని అడిగాడు. సంచిలోంచి రికార్డు తీసి ఇచ్చాను. ఇంత పద్ధతిగా రాసినవారిని చూడలేదని మెచ్చుకొని, ఆమె వింటుండగా పైకి చదివాడు. తేదీ, సాయంత్రం నాలుగు, అంకె. తేదీ, సాయంత్రం నాలుగు, అంకె.
ఆయన వెళ్లాక ఆమె అడిగింది.
"రోజూ అందుకేనా?"
అవునన్నాను.
"తెలిసి కూడా ఆ నాలుగు రోజులూ నింపుకున్నారా?"
అవునన్నాను. ఆమెకు నేను ఇంత సూటిగా ఎన్నడూ జవాబివ్వలేదు.
ఆమె గోడవైపు తిరిగింది. "మార్కులు బాగానే వస్తాయిలెండి."

సెప్టెంబరు 9
నర్సు అడిగితే చెయ్యి ఇచ్చింది. నేను చాచితే దుప్పటిలోకి లాక్కుంది.

సెప్టెంబరు 15
ఇంటికి తీసుకొచ్చాను. రికార్డుకు ఇరవైకి ఇరవై.

సెప్టెంబరు 16
నేను గదిలోకి వెళ్లగానే ఊపిరి బిగబట్టింది.
ఇరవై రెండు సెకన్లు.