నీళ్ళు తీసేదాకా వడ్డన

బెలెమాకు,

నిజం చెప్పాలంటే ఈ ఉత్తరం రాయకుండా ఎగ్గొడదామనే అనుకున్నాను. ఫోనుంది కదా, రెండు ముక్కలు చెప్పేస్తే పోతుందనుకున్నాను. కానీ ఫోనులో నువ్వు నన్ను ఒక్క మాటా పూర్తి చెయ్యనివ్వవు. ఈ సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాల్సింది. కాగితమైతే నాకు అడ్డు తగలదని కూర్చున్నాను.

ఇక్కడ నేను కులాసా, నీ మేక కులాసా. అది తినేసిన నీ పచ్చ రవిక తప్ప మిగతా బట్టలు కూడా కులాసా. ఆ జోస్ కొండల చలికి నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో మాత్రం నువ్వు రాయలేదు. మనవడికి నీళ్ళు పోస్తుంటే మన అమ్మాయి ఇన్యే అడ్డుపడుతోందని రాశావు. కన్నది అదే కదా, కాస్త పోనియ్యి.

నువ్వడిగినవాటికి జవాబులు. పడవ అడుగు కారడం ఆగింది, ఆపింది నేను కాదు. పడమటి పాయలో మీరంతా నాటిన మడ మొక్కలు నూటికి డెబ్భై నిలబడ్డాయి. వాటి మొదళ్ళ దగ్గర వేలిగోరంత పీతలు తిరుగుతున్నాయి, నా కళ్ళతో చూశాను. ఇక మూడో ప్రశ్న. “ఆ డగోగో కూతురు ఇంకా కమిటీ పెద్దగానే వెలగబెడుతోందా?” అని అడిగావు. వెలగబెడుతోంది. దాని పేరు నువ్వు నోటితో పలకవు సరే, కాగితం మీద కూడా రాయవు. ఇకనుంచి రాయి. ఇబిసో. ఎందుకో కిందికి చదువు.

పోయిన గురువారం వాళ్ళొచ్చారు. చమురు పడ్డ పాయలు శుభ్రం చేసే కాంట్రాక్టు కంపెనీ తరఫున ఇంజనీరు ఒబియోరా, పర్యావరణ శాఖ నుంచి ఒక ఆఫీసరమ్మ. పని పూర్తయిందని పత్రం రాసుకుపోవడానికి. ఎప్పుడొచ్చారనుకున్నావ్? నిండు పోటు మీద! బురదంతా నడుంలోతు నీళ్ళ కింద. పైన ఎండకి తళతళ. ఒబియోరా పడవ దిగకుండానే చెయ్యి చాపి చూపించాడు.

“చూశారుగా మేడం, అద్దంలా ఉంది.”

“అద్దంలాగే ఉంది నాయనా,” అంది ఇబిసో, గట్టు మీద నిలబడి. “దిగండి, దిగండి. మా ఊరొచ్చి తినకుండా పోతారా? మా వంటకి చెడ్డపేరు తేకండి.”

తినకుండా వెళ్ళడమంటే మన ఊళ్ళో ఎంత తప్పో ఆ ఇంజనీరుకి తెలుసు. దిగాడు. వాళ్ళు బల్లల మీద సర్దుకుని కూర్చున్నాక చూద్దును కదా, ఒక్క పొయ్యీ వెలగలేదు. అప్పుడు ఇద్దరు దుంపలు తవ్వుకురావడానికి బయల్దేరారు. ఇంకొకావిడ తీరిగ్గా వల భుజాన వేసుకుని చేపలకి వెళ్ళింది. ఆడవాళ్ళ ఎత్తు నాకు అర్థమయ్యేసరికి గంట పట్టింది. పోటు దిగి నీళ్ళు తియ్యడానికి ఇంకా ఐదు గంటలుంది మరి!

ముందు మిరియాల చారు. తర్వాత కాల్చిన అరటికాయ. ఆ తర్వాత దుంపలు ఉడకబెట్టి, పామాయిలు పోసి, ఒనును అనే ఆ ముద్ద దంచడం మొదలుపెట్టారు. అంత మెల్లగా దంచడం నా జన్మలో చూడలేదు.

“అమ్మా, మాకు టైమవుతోంది.”

“అవుతుంది నాయనా, ఎందుకవదు. దుంప మెత్తబడాలి కదా.”

“చాలమ్మా, కడుపు నిండిపోయింది.”

“నిండిందా, బాలేదా?”

“అయ్యో, బాలేదని కాదు...”

“అయితే పళ్ళెం ఇటు పట్టు.”

ఆఫీసరమ్మ నీళ్ళవైపు ఒకసారి, ఇబిసో వైపు ఒకసారి చూసింది. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది. “నాకు ఇంకో చేప ముక్క వెయ్యండి,” అంది. అక్కడే నాకామె నచ్చింది. ఒబియోరా మాత్రం గోడకి జారగిలబడి గుర్రు పెట్టాడు. లేచి చూసేసరికి పాయలో నీళ్ళు లేవు. మడ వేళ్ళన్నీ బయటపడి ఉన్నాయి.

“ఇప్పుడు తూర్పు పాయకి పదండి,” అంది ఇబిసో. “అరికాలికి ఎక్కడ జిడ్డు తగులుతుందో మాకు తెలుసు. మేం చూపించిన చోట తవ్వండి.”

ఒబియోరా మొహం కడుక్కుని సంచీలోంచి ఒక పాత కాగితం తీశాడు. “తూర్పు పాయ ఈ తనిఖీలోకే రాదు. పైపు పగిలిన ఏడాదే, అంటే పదకొండేళ్ళ కిందటే, అక్కడ చమురు లేదని మీ ఊరే రాసిచ్చింది. ఇదిగో సంతకం.”

కాగితం చేతులు మారింది. అడుగున మూడు సున్నలు చుట్టి, పొడుగ్గా తోక లాగిన సంతకం. ఎవరిదో ఎవరికీ తెలియలేదు. వెనకనుంచి ఒకావిడ అననే అంది: “ఇంకెవడిది? డగోగోది. పెద్దరికం పేరుతో పాయ అమ్ముకున్నాడు. చచ్చీ మనల్ని వదల్లేదు.”

ఇబిసో గరిటె తీసుకెళ్ళి కుండలో పెట్టింది. తండ్రి గురించి ఆ మాట పదకొండేళ్ళుగా వింటూనే ఉంది.

“సంతకం పెట్టినవాళ్ళే వచ్చి కాదంటే తప్ప నేను తవ్వించలేను,” అంది ఆఫీసరమ్మ.

అప్పుడు ఒకడు లేచాడు. “ఆ సంతకం నాదేనమ్మా. పెట్టినప్పుడు గళ్ళన్నీ ఖాళీగా ఉన్నాయి. రాతంతా తర్వాత నింపుకున్నారు,” అన్నాడు. వాడి సంగతి తర్వాత. ముందు గొయ్యి.

తూర్పు పాయలో ఇబిసో కాలి బొటనవేలితో గీత గీసింది. అక్కడే తవ్వారు. పైన జానెడు కొత్త మట్టి, చమురు కనబడకుండా కంపెనీవాళ్ళు చల్లిపోయిన మట్టి. దాని కింద వాసన. మూరెడు దాటాక గోతిలోకి నీళ్ళు ఊరాయి, నల్లగా, అంచుల్లో రంగురంగులుగా. ఒబియోరా వెనక్కి తగ్గబోతే కాలు వచ్చింది, బూటు రాలేదు. ఆఫీసరమ్మ వేలు ముంచి వాసన చూసి, బురదలోనే నిలబడి చాలాసేపు రాసింది. రాసింది పైకి చదివింది కూడా. పని పూర్తి కాలేదు. తూర్పు పాయ కూడా మొదటినుంచి శుభ్రం చెయ్యాలి. ఇకమీదట ఎక్కడ తవ్వాలో, ఎప్పుడు రావాలో ఈ ఊరి కమిటీయే చెబుతుంది.

“నిండు పోటు మీద రావద్దని కూడా రాయండి మేడం,” అంది ఇబిసో. రాసింది!

బెలెమా, ఆ పాటలు, ఆ కుండల మీద దరువులు నువ్వు వినాల్సింది. ముసలాళ్ళు కూడా మోకాళ్ళలోతు బురదలో ఆడారు. ఒబియోరా బూటు కోసం వెతుకుతుంటే, “ఉండనీ నాయనా, మళ్ళీ వస్తావుగా,” అని అందరూ ఒకటే నవ్వులు.

ఇక లేచినవాడి సంగతి. సార్డీను డబ్బాల మీది అక్షరాలు, అకారా వడలు పొట్లం కట్టిన పాత పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాడు ఈ ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. పదకొండేళ్ళ కిందట రేవులో ఒక కంపెనీ మనిషి వాడి దగ్గరికొచ్చి, “సర్, ఇక్కడ చదువుకున్నవారు మీరేనట కదా,” అన్నాడు. అంతకుముందు వాణ్ణి సర్ అన్నవాళ్ళు లేరు. గళ్ళు ఖాళీగా ఉన్నాయని చూశాడు. అడిగితే చదువు రాదనుకుంటారని అడగలేదు. మూడు సున్నలు చుట్టి, తోక లాగాడు.

అది నేనే.

నువ్వు నత్తలు దొరక్క ఖాళీ బుట్టతో ఇంటికొచ్చి, డగోగో వాకిలివైపు ఉమ్మి, “వాడి చెయ్యి పుచ్చిపోను,” అన్న ప్రతిసారీ నేను ఆ చేత్తోనే ముద్ద కలుపుకుంటూ కూర్చున్నాను. అతను బతికుండగా, ఊరిపెద్ద కదా, మొయ్యగలడులే అనుకున్నాను. పోయాక, పోయినవాడికి నొప్పేమిటిలే అనుకున్నాను. మధ్యలో ఒక కూతురుందని లెక్కలో వేసుకోలేదు. గురువారం అందరి ముందూ చెప్పాక కూడా నీకు చెప్పడానికి ఇన్ని రోజులు పట్టింది. తిట్టాల్సిందంతా రాసి పంపు. ప్రతి అక్షరం చదువుతాను.

ఇబిసో నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నిన్న సాయంత్రం గుమ్మం దగ్గరికొచ్చి, పడమటి పాయకి వెళ్తున్నానని, నత్తల బుట్ట ఉంటే ఇమ్మని అడిగింది. చూరులో వేలాడుతున్న నీ బుట్ట తీసి ఇచ్చాను. పట్టుకెళ్ళింది.

ఇట్లు,
సున్నలు చుట్టడం మానేసిన నీ మొగుడు,
ఒపుబో