ఉగాదినాడు కడపకు అర్ధగంట

ప్రాంతీయ విమానయాన అధికారి గారి సముఖమునకు,
కోడుమూరు నివాసి, విశ్రాంత తెలుగు పండితుడు దేవేంద్రప్ప వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ఉగాదినాడు కర్నూలు విమానాశ్రయము నుండి కడప విమానాశ్రయమునకు ఒక్క విమానము, ఒక్క పర్యాయము నడిపించుట గురించి.

1. నా బాల్యమిత్రుడు మదార్ సాహెబ్ ప్రతి ఉగాదికి బియ్యము, బెల్లము, చింతపండు మూటగట్టుకొని దేవుని కడప వేంకటేశ్వరస్వామి సన్నిధికి పోవును. స్వామి దేవేరి బీబీ నాంచారమ్మ ముసల్మానుల ఇంటి ఆడపడుచు. కావున స్వామి ఆ ఇంటికి అల్లుడు. పండుగనాడు అల్లునింటికి పోకుండుట మర్యాద గాదని తాత, తండ్రి నేర్పిన నడవడి. సదరు మూటకు తోడుగా నేనును పోవుట వాడుక.

2. ఈ ఏడు అతని నడుము సహకరించుట లేదు. గంటకు మించి కూర్చొనరాదని వైద్యుని ఆజ్ఞ. బస్సులోనో, నాలుగైదు గంటలు. అతడు ఉపాయమడుగగా నేను ఫోనులో వెదకితిని. గగనమార్గమున దూరము నూట యాభై కిలోమీటర్ల లోపనియు, ప్రయాణకాలము సుమారు అర్ధగంట యనియు అందున్నది. పద్యము చదివినట్లు గట్టిగా చదివి వినిపించితిని.

"అర్ధగంటనా అయ్యవారూ! చాయ్ తాగి లేచేలోపల అల్లునింటికాడ ఉంటాం" అని మదార్ సాహెబ్ వెంటనే కడప బంధువులకు వర్తమానము పంపెను.

"ఎద్దులబండి ఎక్కనీకే ఇద్దరు పట్టుకోవాల, ఇంగ విమానమంట!" అనుచునే అతని భార్య పీరమ్మ మూటకు కొత్త గుడ్డ వెదకసాగెను.

3. టికెట్ల దుకాణమున శివజ్యోతి అను అమ్మాయి నవ్వినది. "అది లెక్క తాతా, విమానం కాదు. ఎగిరిపోతే ఎంతసేపో చెప్తాండాది, అంతే. మీరు చెన్నై పోయి, ఆడ రాత్రి ఉండి, మళ్లా కడపకు రావాల."

"మరి నేరుగా ఎగిరేదెవరమ్మా?"

"కాకి."

మదార్ సాహెబ్ నవ్వలేదు. తిరుగుదారిలో, "పండగ్గూడా రాలేదేందని అల్లుడు అనుకోడా, అయ్యవారూ?" అని మాత్రము అనెను. అది మొదలు నాకు అన్నము సహించుట లేదు. లేని విమానమునకు కాలమేల వ్రాసితిరని నేనడుగను. లేనివాటిని వర్ణించుట మా పండితులకును అలవాటే.

4. దారిలో దిగుట విమానములకు కొత్త గాదు. పుష్పకము సైతము ఒక ఇల్లాలి కోరిక మన్నించి నడుమ ఊరిలో దిగి, అచ్చటి స్త్రీలను ఎక్కించుకొని పోయినదని పౌరాణికులందురు. కావున కర్నూలులో లేచిన ఏ విమానమైనను కడపలో క్షణకాలము దిగి, ఇద్దరు ముసలివారిని, ఒక మూటను దించిపోవునట్లు ఆజ్ఞాపింప ప్రార్థన. కిటికీ పక్క స్థానము కోరము.

("కోరు అయ్యవారూ, కోరు" అని పక్కనుండి మదార్ సాహెబ్. కోరుచున్నాము.)

పంచాంగము విప్పులోపలనే ఈ మనవిని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దేవేంద్రప్ప

తా.క.: "డాక్టరు కూచోవద్దన్నాడు గానీ పండుకోవద్దన్లేదు గదా" అని పీరమ్మ ఇప్పుడే తేల్చినది. మదార్ అన్నకొడుకు రబ్బానీ ఉల్లిగడ్డల లారీ కడపకు పోతున్నదట. గోతాల మీద పరుపు వేసి ఇద్దరమూ వెల్లకిలా పండుకొని పోతున్నాము. కాబట్టి విమానము మాకు అక్కరలేదు. కాకుంటే దారి పొడుగునా ఆకాశము తప్ప ఇంకేమీ కనపడదు. మైదుకూరు దాటినాక పైన ఒక్కటి పోయేట్టు చూడండి సార్. మదార్ చెయ్యి ఊపుతాడంట.