పదకొండో మంచం పక్కన నిలబడే మనిషి

ఆసుపత్రి పర్యవేక్షకుల వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సహాయకులు లేని రోగి తన భద్రత తానే చూసుకొనుటలో కలుగుచున్న ఇబ్బందులు – రేపటి ఆపరేషన్‌కు ఒక మనిషిని ఇప్పించమని కోరుట.

నేను డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థినిని. ఎడమ చెవి ఆపరేషన్ కోసం తమ ఆసుపత్రిలో చేరాను. "మీ వైద్య భద్రతలో మీరూ భాగస్వాములే. అడగండి, చెప్పండి" అని వార్డు గోడ మీద రాయించారు. భాగస్వామి అన్న మాట నాకెంతో నచ్చింది. ఆ ప్రకారమే నడుచుకోబోయి ఈ కింది విధముగా భంగపడితిని.

1. ఏ మందు ఎందుకని అడిగితే, "మీవాళ్లని రానీ, వాళ్లకి చెప్తాం" అన్నారు నర్సమ్మగారు. నాకున్నది అక్క ఒక్కతే. సరుకుల ఓడలో వంటపని. ఓడ రేవు చేరితే గాని ఫోను కలవదు.

2. నిన్న ఇచ్చిన మాత్ర రంగు వేరుగా ఉంటే మింగలేదు. "అబ్బో, మనకో డాక్టరమ్మ దొరికిందర్రా!" అని వార్డంతా నవ్వారు. తీరా చూస్తే అది పక్క మంచం మామ్మగారి బీపీ మాత్ర. నర్సమ్మగారు మార్చి ఇచ్చారు. ఇది ఆమె మీద ఫిర్యాదు కాదు. ఇన్ని మంచాలకూ ఆమె ఒక్కరే. ఆమె కూర్చోగా నేను చూడలేదు.

3. నాకు పెన్సిలిన్ పడదు. చిన్నప్పుడు ఆ సూదికి ఊపిరాడక చావు తప్పింది. వచ్చిన ప్రతివారికీ చెబుతున్నాను. "ఎన్నిసార్లు చెప్తావమ్మా, చెవులు చిల్లులు పడుతున్నాయి" అన్నారు. చెవి వార్డు కదా, నేనూ నవ్వాను. కేసు షీటులో రాశారో లేదో చూపించమంటే, సహాయకులకే చూపిస్తారట.

మెలకువగా ఉన్నంతసేపు నాకు నేనే కాపలా కాయగలను. మత్తిచ్చాక నా తరపున నోరు విప్పేవారు లేరు. మామ్మగారిని అడిగాను. "ఉందునే తల్లీ, పొద్దున్నే మా అబ్బాయి వచ్చి ఇంటికి తీసుకుపోతానన్నాడే" అన్నారు.

కావున పెన్సిలిన్ సంగతి నా ఎదుటే రాయించవలెనని, మత్తుకు ముందు ఏ చెవో నన్నే అడిగించవలెనని, తరవాత నా సంగతి తెలిసిన మనిషినొకరిని నియమించవలెనని ప్రార్థన. ఆయా అయినా, వాచ్‌మన్ అయినా అభ్యంతరము లేదు. రేపటిలోగా దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
పదకొండో మంచం

తా.క. పై ప్రార్థనలో మొదటి రెండూ జరిగితే మూడోదానితో అంత పని లేదని నాకూ తెలుసు. లోపల డాక్టర్లుంటారు. దాన్ని భద్రత కింద రాశాను గాని, అది భద్రత సంగతి కాదండీ. కళ్లు తెరిచేసరికి ఎవరైనా "లేచావా?" అంటే చాలు. కుడివైపు నిలబడి అనమనండి. ఎడమ చెవికి కట్టు ఉంటుంది.